కళ్ళు మూసుకుంటే వరదే కనిపిస్తోంది

ప్రశ్న: మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లోకొచ్చి నా రెండు కుట్టు మిషన్లు, కుట్టడానికిచ్చిన వాళ్ళ బట్టలు పాడైపోయాయి. డ్వాక్రా అప్పు ఇంకా తీరలేదు. అర్ధరాత్రి మెలకువొస్తే మళ్ళీ నిద్ర పట్టదు. వాన మొదలైతే గుండె దడ. మా అత్తయ్య చెప్పారని రోజూ గంటసేపు ధ్యానంలో కూర్చుంటున్నాను. కళ్ళు మూసుకోగానే ఆ నీళ్ళే. మావారితో చెప్పబోతే ‘అయిందేదో అయింది, వదిలెయ్’ అంటారు. నాకు ధైర్యం ఎలా వస్తుంది?

జవాబు: ముందు ఆ గంట ధ్యానం ఆపండి. అత్తయ్యగారి ఉద్దేశం మంచిదే. కానీ భయపడ్డ మనసుకి చూడ్డానికి ఎదురుగా ఏమీ లేకపోతే భయపడిందాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. మీకు ఏకాగ్రత లేక కాదు.

పదిహేను నిమిషాలకి అలారం పెట్టుకోండి, అంతే చాలు, అదీ కళ్ళు తెరిచే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ముందు కూర్చోండి, పడుకోబోయే ముందు మాత్రం వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలేలా కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పదిసార్లు. తల తిరిగినట్టుంటే మరీ గట్టిగా పీలుస్తున్నారన్నమాట, తగ్గించండి. ఊపిరి బిగబట్టొద్దు.

తర్వాత ఒక రూళ్ళ నోటుబుక్కులో పేజీ మధ్యన గీత కొట్టండి. ఎడమపక్క జరిగింది, జరగబోయేది మాత్రమే: ‘పదో తారీఖు వాయిదా, రెండు వేలు తక్కువ.’ కుడిపక్క భయం: ‘ఇక మేం కోలుకోం.’ రెండూ కలిసి తిరుగుతున్నంతసేపూ అప్పు కూడా వరదంత కనిపిస్తుంది. ఎడమపక్క మాటకి రేపు చేయగలిగిన పని ఒక్కటి రాయండి. గ్రూపు మీటింగుకి ముందే లీడరుతో మాట్లాడటం లాంటిది. కుడిపక్కదానితో వాదించకండి, రాసి వదిలేయండి. అలారం మోగగానే లేచి కూర తరగండి, బట్టలు మడతపెట్టండి, ఏదైనా చేత్తో చేసే పని.

చాలామంది నాలుగో రోజుకే మానేస్తారు, ప్రశాంతత రాలేదని. అది మొదట రాదు. రాసుకున్న పనుల్లో రెండు మూడు పూర్తయ్యాక, ‘ఇదైతే అయింది కదా’ అనిపిస్తుంది. ఆశ అక్కడ మొదలవుతుంది. ‘ధైర్యంగా ఉండు’ అనేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

రాత్రి మెలకువొచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే మంచం దిగండి. గడియారం, ఫోను చూడొద్దు. వచ్చిన ఆలోచనని ఒక్క ముక్కలో రాసి, ‘రేపు సాయంత్రం’ అని పక్కన పెట్టి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ పడుకోండి.

వాన భయం కేవలం ఊహ కాదు, ఒకసారి ముంచిన నీళ్ళు అవి. కాబట్టి దానికి పనే మందు. ఆధార్, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టండి. వాన ముదిరితే మిషన్ మోటారు ఎలా విప్పాలో, ఎవరింటి మేడ మీద పెట్టాలో ఇప్పుడే అనుకోండి. వాట్సాప్‌లో తిరిగే పాత వరద వీడియోలు తెరవకండి.

మీవారికి పుస్తకమంతా చూపించొద్దు. టీ తాగేటప్పుడు ఎడమపక్క మాట ఒక్కటి చెప్పి, ‘దీనికేం చేద్దాం?’ అనడగండి. బాధ వినలేని మగవాళ్ళు కొందరు పని చెబితే కదులుతారు.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి కుదరకపోతే, వరద దృశ్యాలు అలాగే వెంటాడుతుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే ఇంట్లోవాళ్ళకి చెప్పి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఏ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో అంచనాగా పేజీ చివర రాసి ఉంచితే ఆయనకి సగం ప్రశ్నలు తప్పుతాయి.