పాఠకుల ప్రశ్నలు: ఆ సింహం హాలండుకు ఎలా పోయింది?

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి హాలండు వెళ్లినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెద్ద చెక్క చెక్కడం చూశాను. ఒకవైపు సింహం, ఇంకోవైపు ఒంటికొమ్ము గుర్రం. ఇంగ్లండు ఓడదట. అక్కడికెలా వచ్చిందండీ?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు చూసింది ‘రాయల్ చార్లెస్’ అనే యుద్ధనౌక వెనుక భాగం. 1655లో వూలిచ్‌లో కట్టారు. 80 ఫిరంగుల ఓడ. అప్పుడు రాజు లేడు, రాజు మీద తిరగబడ్డ క్రామ్‌వెల్ పాలన. క్రామ్‌వెల్ వర్గం రాజు సైన్యాన్ని ఓడించిన నేస్‌బీ అనే చోటు పేరే ఓడకు పెట్టారు. 1660లో రెండో చార్లెస్‌ను హాలండు తీరం నుంచి స్వదేశానికి తెచ్చింది ఈ ఓడే. ఆయన ఎక్కిన రోజే పేరు మార్చేశారు. 1665లో లోస్టాఫ్ట్ దగ్గర డచ్చివాళ్ల మీద రాజు తమ్ముడు గెలిచింది కూడా దీని మీది నుంచే.

అంతటి ఓడ పోరాటమన్నదే లేకుండా పోయింది. ప్లేగు, లండన్ అగ్నిప్రమాదం, డచ్చివాళ్లతో యుద్ధం ఖర్చు కలిసి ఖజానా ఖాళీ అయింది. 1667లో పెద్ద ఓడలను చాథం దగ్గర మెడ్వే నదిలో కట్టేసి ఉంచారు. నావికులకు జీతం బదులు చీటీలు ఇచ్చారు. వాళ్లు వాటిని తక్కువకు అమ్ముకుని పూట గడుపుకున్నారు.

ఈ చీటీల సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన అచ్చంపేట పక్క పల్లె నుంచి సాగర్ డ్యాం పనికి పోయేవాడు. మేస్త్రీ వారానికో చీటీ రాసిచ్చేవాడు. కిరాణం కొట్టులో రూపాయి చీటీకి బారాణా సరుకే ఇచ్చేవారు. పని అయిపోయాక మేస్త్రీ మళ్లీ కనబడలేదు. మారని చీటీలు కొన్ని మా అమ్మ సందూకలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ 1667 జూన్‌లో డచ్చి సేనాని డె రౌటర్ నౌకాదళం మెడ్వేలోకి వచ్చింది. నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసు తెగింది. రాయల్ చార్లెస్ మీద కాపలా మనుషులు సరిగ్గా లేరు. డచ్చి ఓడల మీద ఇంగ్లీషు నావికులే కొందరున్నారు. ‘ఇన్నాళ్లు చీటీల కోసం కొట్లాడాం, ఇప్పుడు డాలర్ల (అప్పటి వెండి నాణేల) కోసం కొట్లాడుతున్నాం’ అని వాళ్లు అరిచారని నౌకాశాఖ అధికారి పెపీస్ తన డైరీలో రాసుకున్నాడు. వాళ్లను ద్రోహులనడానికి నాకు నోరు రాదమ్మా.

డచ్చివాళ్లు ఓడను హెల్లెఫూట్‌స్లౌస్ రేవుకు లాక్కుపోయారు. వాళ్ల తీరంలో నీళ్లు లోతు తక్కువ, ఇది లోతుగా మునిగే ఓడ. అందుకే యుద్ధానికి వాడలేదు, జనం వచ్చి చూసిపోయేవారు. 1673లో తుక్కు కింద అమ్మేశారు. మీరు చూసిన చెక్కడం మాత్రం దాచుకున్నారు.