గుర్రం వెనుక కాళ్లు పడిపోతే స్ట్రెయిన్ పేరు అడిగి ఏం లాభం?

గుర్రాలకు జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్‌లో పక్షవాతం కలిగించే స్ట్రెయిన్ వేరే ఉంటుందా, అది కాదని తేలితే నిశ్చింతగా ఉండవచ్చునా అని మీరు అడిగారు. వేరే రకం ఉన్నమాట నిజమే కాని, నిశ్చింతగా ఉండవచ్చునంటే మాత్రం నేను ఒప్పుకోను.

మాది నాందేడ్ జిల్లాలో దెగ్లూర్ దగ్గరి పల్లె. తాత కాలం నుంచి పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పంపుతున్నాము. కొన్నేళ్ల కిందట మాళేగావ్ ఖండోబా జాతరలో ఒక మగ గుర్రాన్ని కొని, ఆ రాత్రే పాత తెల్ల ఆడగుర్రం పక్కన కట్టేశాము. నీళ్ల తొట్టి కూడా ఒక్కటే. నాలుగు రోజులకు కొత్తదానికి ముక్కు కారింది, తరువాత తెల్లదానికి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోయిందని బాపు సంతోషిస్తుండగానే, వారం తిరగకముందు ఒక తెల్లవారుజామున అది కల్లు తాగినదానివలె వెనుక కాళ్లు తడబడుతూ నడిచి, మధ్యాహ్నానికి కుక్కవలె పిర్రల మీద కూలబడింది. తోక చచ్చిన తాడులా వేలాడింది, మూత్రం బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. వచ్చిన పశువైద్యుడు ఆవులకు చేసినట్లే ఒక కాల్షియం సీసా ఎక్కించి వెళ్లిపోయాడు. గోనెసంచులు కుట్టి, పొట్ట కింద వేసి, దూలానికి కట్టి పన్నెండు రోజులు నిలబెట్టాము. పరీక్ష చేయించలేదు గాని, అది ఈ వైరసేనన్న విషయంలో నాకు రవ్వంత అనుమానం లేదు.

ఈ వైరస్ తెల్ల రక్తకణాలలో దాగి వెన్నుపాములోని సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టి నరాలకు అందదు, అందుకే ముందు జ్వరం, తరువాత కాళ్లు. వైరస్ తన నకళ్లు చేసుకోవడానికి వాడే డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైములో 752వ స్థానాన ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్న రకాన్ని నాడీ రకమని అంటారు. ఆ రకంతో పక్షవాతం ఎక్కువగా కనిపించడం నిజమే. అయితే 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియా గుర్రపు పోటీల నుంచి యూరప్ దేశాలకు పాకిన వైరస్‌లో ఆ మార్పు లేదు, అయినా గుర్రాలు కూలబడ్డాయి, చచ్చిపోయాయి. ఇక టీకా విషయానికి వస్తే, ఇప్పుడున్నవి ఈసుకుపోవడాన్నీ జలుబునూ కొంత తగ్గిస్తాయి గాని, పక్షవాతం రాదని ఏ టీకా మీదా హామీ లేదు.

కనుక స్ట్రెయిన్ సంగతి ప్రయోగశాలకు వదిలి, మీరు ఒక థర్మామీటరు కొనండి. జాతరలో జ్వరం తగ్గించే సూది వేసి గుర్రాన్ని చల్లగా చూపించే బేరగాళ్లు ఉంటారు కాబట్టి, కొన్న రోజు చూసిన వేడిని నమ్మవద్దు. కొత్త గుర్రాన్ని కనీసం మూడు వారాలు వేరే కొట్టంలో, వేరే తొట్టితో, వేరే పగ్గంతో ఉంచి రోజుకు రెండుసార్లు వేడి చూడండి. 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఆ రోజే ముక్కు స్రావాన్నీ రక్తాన్నీ పరీక్షకు తీయించండి. ఆ కొట్టంలో చెయ్యి పెట్టినవారు అదే చేత్తో రెండవ గుర్రానికి శనగలు పెట్టకూడదు.

మా తెల్లది చివరికి లేచింది గాని, కుడి వెనుక డెక్కను ఇప్పటికీ నేల మీద గీసుకుంటూ నడుస్తుంది. దాని మీద మళ్లీ పెళ్లికొడుకు ఎక్కలేదు.