శాంక్షన్ అంటే మంజూరు ఒక్కటేనా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ మొదటి సంవత్సరం సీఈసీ చదువుతున్నాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి లా చదవాలని ఉంది. రోజుకు ముప్పై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. తెలిసిన పదాలే ఉన్న పాసేజ్‌లో కూడా జవాబులు తప్పుతున్నాయి. "మనకెందుకమ్మా ఈ ఇంగ్లిష్ పరీక్ష" అంటున్నారు నాన్న. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ముప్పై పదాల పట్టిక ఆపెయ్. నీ కష్టం నిజమైనదే, కానీ అది ఈ పరీక్షకు పనికొచ్చే కష్టం కాదు. క్లాట్‌లో 2 గంటల్లో 120 ప్రశ్నలు చేయాలి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లిష్ వాటా దాదాపు ఐదో వంతే అయినా, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్ కూడా పాసేజ్ ఇచ్చే అడుగుతారు. ఇంగ్లిష్ పాసేజ్ ఒక్కోటి సుమారు 450 పదాలు. పదానికి అర్థం అడిగినా, ఆ పాసేజ్‌లో ఆ పదం ఏ అర్థంలో వచ్చిందనే అడుగుతారు.

శాంక్షన్ అనే మాటే తీసుకో. మన ఇళ్లలో లోన్ శాంక్షన్ అయింది, పింఛను శాంక్షన్ అయింది అంటాం. అదే మాట అంతర్జాతీయ వార్తల్లో, ఒక దేశం మరో దేశం మీద పెట్టే ఆంక్షలు అవుతుంది. కోర్టు ఒక పిటిషన్‌ను 'ఎంటర్‌టైన్' చేయలేదంటే విచారణకు తీసుకోలేదని. జడ్జిగారు 'అబ్జర్వ్' చేశారంటే చూస్తూ కూర్చున్నారని కాదు, వ్యాఖ్యానించారని. పట్టికలో పదానికి ఎదురుగా ఒకే అర్థం ఉంటుంది. నువ్వు ఆ ఒక్కదాన్నే పట్టుకుని పాసేజ్‌లోకి వెళ్తున్నావు, అందుకే తెలిసిన పదం దగ్గరే దెబ్బ తింటున్నావు.

ఇకమీదట రోజుకు ఐదారు పదాలు చాలు, అవీ నువ్వు చదివిన దాంట్లోంచే. నోటుబుక్కులో పదం ఒక్కటే రాయకు, అది వచ్చిన వాక్యం మొత్తం రాయి. కింద, అక్కడ దాని అర్థం తెలుగులో రాయి. దాని చుట్టాలు కూడా ఉంటాయి. జడ్జ్ తెలిస్తే జుడీషియల్ దగ్గరికొస్తుంది, ప్రెజుడిస్ అంటే విచారించకముందే తీర్పు చెప్పేసుకోవడమని తెలుస్తుంది. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి అర్థం మూసిపెట్టి చెప్పుకో. తప్పినవి మళ్లీ మొదటి రోజుకు వెళ్తాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో నానమ్మ "రేపు వాన పడుతుందట" అంటే అది ఆవిడ మాట కాదని, ఎవరో చెప్పారని నీకు వెంటనే తెలుస్తుంది. ఆ 'ట' మనకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేవి 'క్రిటిక్స్ ఆర్గ్యూ', 'ఇట్ ఈజ్ సెడ్' లాంటి మాటలు. రచయిత ముందు ఎదుటివాళ్ల వాదన మొత్తం చెప్పి, తర్వాత దాన్ని కాదంటాడు. తొందరలో చదివినవాళ్లు ఆ వాదనే రచయిత అభిప్రాయమని గుర్తు పెట్టేస్తారు. నేనూ విజయనగరం జిల్లాలో తెలుగు మీడియంలో చదివినవాణ్నే, ఈ తప్పు చాలాకాలం చేశాను. అలాగే 'హౌఎవర్', 'యెట్' దగ్గర ఆగు. "మీ పాప బాగానే చదువుతోంది, అయితే..." అని మాస్టారు అనగానే మీ అమ్మ చెవులు రిక్కిస్తుంది కదా, అసలు మాట అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఇన్ఫరెన్స్ ప్రశ్నలు, అంటే పాసేజ్‌లో ఉన్నదాన్ని బట్టి ఏం తేల్చవచ్చో అడిగేవి కూడా అంతే. "ఈసారి కూడా వంశధార పొంగింది" అన్న వాక్యం చూడు. ఇంతకుముందు కూడా పొంగిందని ఆ 'కూడా' చెప్తోంది. "వంశధార ఏటా పొంగుతుంది" అని ఆప్షన్ ఇస్తే అది తప్పు, వాక్యం అంత దూరం వెళ్లలేదు. "పంటలు మునిగాయి" కూడా తప్పే. నిజంగా మునిగే ఉండొచ్చు, కానీ వాక్యంలో లేదు. మనకు తెలిసిన లోకజ్ఞానాన్ని పాసేజ్‌లో కలిపేయడం వల్లే బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

రోజూ చేయాల్సింది ఇది. కాలేజీ అయ్యాక జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లు. ముందు తెలుగు పత్రికలో సంపాదకీయం చదువు. వీలైతే అదే విషయం మీద ఇంగ్లిష్ సంపాదకీయం తీసుకో. సగం సంగతి ముందే తెలుస్తుంది కాబట్టి భయం ఉండదు. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకు. ప్రతి పేరా తర్వాత రచయిత ఇక్కడ ఏం చేశాడో ఒక్క తెలుగు వాక్యంలో రాయి: ఉదాహరణ ఇచ్చాడా, ఎదుటివాడి మాట చెప్పాడా, తన తీర్పు ఇచ్చాడా. మొదటి రెండు నెలలు గడియారం చూడొద్దు. ఆ తర్వాత క్లాట్ నిర్వహించే కన్సార్టియం వెబ్‌సైట్‌లో ఉండే పాత ప్రశ్నపత్రాలు టైం పెట్టుకుని చెయ్యి.

నాన్నగారికి నా మాటగా ఈ రెండు సంగతులు చెప్పు. మీ జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. అప్పటికి లిపి కూడా లేని భాషను ఆయన అలా పట్టుకున్నారు. రెండోది, క్లాట్ ద్వారా సీట్లు ఇచ్చే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖ దగ్గర సబ్బవరంలోనే ఉంది. అమ్మాయిని ఎక్కడికో పంపేయాలన్న బెంగ అక్కర్లేదు.

ఒక నెలయ్యాక, నువ్వు తప్పు చేసిన పది ప్రశ్నలు నాకు పంపు. సరైన జవాబు రాయకు, నువ్వు పెట్టిన తప్పు జవాబు, అది ఎందుకు పెట్టావో ఒక వాక్యం రాయి. అవి చూసి నీ చదువు ఎక్కడ జారుతోందో చెప్తాను.