ఫోన్ తీసుకుంటే కొరుకుతున్నాడు.. ఆటిజం ఉన్న బాబుకు మందులు వాడాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఏడాది కిందట ఆటిజం అని చెప్పారు. మాటలు పెద్దగా రావు. ఈమధ్య కోపం బాగా ఎక్కువైంది. ఫోన్ తీసుకుంటే కొరుకుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. రెండేళ్ల చెల్లెల్నీ కొడుతున్నాడు. రెండు తగిలిస్తే దారికొస్తాడని మా అత్తయ్య అంటున్నారు. మందులు వాడాలా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కొట్టకండమ్మా. దెబ్బకు అప్పటికి ఊరుకున్నా, వాడికి ఏం కావాలో చెప్పే దారి మాత్రం దొరకదు. మీ బాబు ఇబ్బందంతా అక్కడే ఉంది. చెవి నొప్పి పుట్టినా, గోల భరించలేకపోయినా చెప్పుకోవడానికి మాట లేదు. కొరికితే మాత్రం ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని రెండు వారాలు రాయండి. గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు.. ఈ మూడే. ‘కోపం వచ్చింది’ అని రాస్తే లాభం లేదు. ‘సాయంత్రం ఆరున్నర. మిక్సీ వేశాను. చెవులు మూసుకున్నాడు. పాప దగ్గరికి వెళ్తే కొట్టాడు. మిక్సీ ఆపి పాపను ఎత్తుకున్నాను’.. ఇలా ఉండాలి. ఇది చదివితే నాకైనా, థెరపిస్టుకైనా విషయం అర్థమైపోతుంది. ఆ చప్పుడు వాడికి పడదు, కొడితే అది ఆగింది. మిక్సీ వేసే ముందు వాణ్ని వేరే గదిలోకి పంపితే ఆ పూట గొడవే ఉండకపోవచ్చు.

ఇక ఫోన్. కొరికాక మళ్లీ చేతికిచ్చేస్తున్నారా? చాలా ఇళ్లలో జరిగేది అదే. చటుక్కున లాక్కోకుండా టైమర్ పెట్టండి. ఫోన్ బొమ్మ, దాని పక్కన ఉయ్యాల బొమ్మ ఉన్న కార్డు చూపించండి. ఇది అయ్యాక అది అని తెలియాలి. మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది, కంగారు పడొద్దు. నాలుగో రోజు తాతయ్య జాలిపడి ఇచ్చేస్తే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అత్తయ్యగారితో సహా!

‘కావాలి’, ‘చాలు’, ‘నొప్పి’.. వీటికి బొమ్మ కార్డులో, చేతి సైగలో నేర్పండి. వాడు హుషారుగా ఉన్నప్పుడే నేర్పాలి. ‘చాలు’ కార్డు ఇచ్చిన వెంటనే ఆ పని ఆపేయాలి, అప్పుడే దాని విలువ తెలుస్తుంది. కార్డులు అలవాటైతే మాటలు రావేమోనని భయపడకండి, వాటివల్ల మాటలు ఆగవు.

గొడవ మొదలైతే ముందు పాపను తప్పించండి. తల కొట్టుకుంటుంటే మధ్యలో దిండు పెట్టండి. ఆ సమయంలో మందలింపులు, బుజ్జగింపులు ఏవీ వాడికి ఎక్కవు. తక్కువ మాట్లాడండి.

‘ఈమధ్య ఎక్కువైంది’ అన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పిప్పి పన్ను, చెవిలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నిద్ర సరిపోకపోవడం.. వీటిలో ఏదున్నా కొట్టడం, తల బాదుకోవడం పెరుగుతాయి. ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఉన్నట్టుండి చూపు నిలిపేసి పిలిచినా పలకకపోతుంటే ఆ సంగతీ చెప్పండి, ఫిట్స్ కావచ్చు.

మందుల విషయానికొస్తే, ఆటిజం పిల్లల్లో తీవ్రమైన కోపానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వాడతారు. అమెరికాలో మందులను పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిదాన్ని 2006లో అయిదేళ్లు నిండినవారికి, రెండోదాన్ని 2009లో ఆరేళ్లు నిండినవారికి అనుమతించింది. మీవాడికి ఆ వయసింకా రాలేదు. పైగా బరువు పెరగడం, మత్తుగా ఉండటం లాంటి ఇబ్బందులుంటాయి, ఆటిజాన్ని అవి తగ్గించవు. థెరపీ చేయించినా గాయాలయ్యేంత గొడవ ఆగకపోతే, పిల్లల సైకియాట్రిస్టు చూసి నిర్ణయిస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రమందు మాత్రం వేయొద్దు.

బిహేవియర్ థెరపీ, స్పీచ్ థెరపీ కోసం మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయపడే కేంద్రం) గురించి వాకబు చేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, వీలైతే గొడవ సమయంలో తీసిన చిన్న వీడియో పట్టుకెళ్లండి. తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, మగతగా పడుకున్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.