మోటార్ వేస్తే లైట్లు మసకబారుతున్నాయి, వైరింగ్ పాడైనట్టేనా?

మోటార్ వేసిన ఒక్క క్షణం మసకబారితే కంగారు పడక్కర్లేదు, మా పర్లాకిమిడిలో సాయంత్రం వోల్టేజీ పడిందంటే వీధంతా అంతే. ముందు పక్కింట్లో అడగండి. వాళ్ల లైట్లు బాగుండి మీ ఇంట్లోనే మిణుకుమంటుంటే ఎక్కడో వైరు లూజై ఉండొచ్చు. అసలు భయపడాల్సింది వేడికి, వాసనకి. మా గీజర్ ప్లగ్గు చుట్టూ తెల్ల ప్లేటు గోధుమరంగుకి తిరిగి చేప కుళ్ళినట్టు కంపు కొడుతుంటే, ఎలకేదో చచ్చిందని మా అమ్మ మంచాల కిందంతా వెతికింది! తీరా చూస్తే 16 ఆంప్స్ సాకెట్‌లో స్క్రూ వదులై లోపల మాడుతోంది. అలాంటిది కనిపిస్తే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందా, ఎర్తింగ్ చూపించండి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని ఎక్కువ ఆంప్స్‌ది మాత్రం వేయించకండి, అప్పుడు అది పడదు, గోడలో వైరు కాలుతుంది.