మ్యాష్‌తో బరువు రాని బ్రాయిలర్లు

ప్రశ్న: 500 బ్రాయిలర్లకు మ్యాష్ (పొడి దాణా) మేమే కలుపుకుంటాం. 22వ రోజు నుంచి 100 కిలోల్లో మొక్కజొన్న 50, సోయాచెక్క 30, నూనె తీసిన తవుడు 17, ఖనిజ లవణాలు, విటమిన్లు కలిపి 3 కిలోలు. 35 రోజులకు కోడి 1.6 కిలోలు దాటడం లేదు. పక్క షెడ్డులో పెల్లెట్ (గుళికల దాణా) పెట్టి 2 కిలోలు తీస్తున్నారు. పెల్లెట్ మిషన్ కొనమంటారా?
– ఒక రైతు, కావలి

జవాబు: ఇప్పుడే వద్దు. తేడా అంతా గుళికలది కాదు. మీ పాళ్లు లెక్కగడితే కిలో దాణాలో సుమారు 2,700 కిలో కేలరీలే ఉన్నాయి. ఆ వయసు కోడికి 3,100 దాకా కావాలి. మాంసకృత్తులు 20 శాతం ఉన్నాయి, వాటికి లోటు లేదు. కానీ శక్తి చాలనప్పుడు కోడి మాంసకృత్తులనే శక్తికి ఖర్చుపెట్టేస్తుంది. సోయాకు పోసిన డబ్బు కండ కట్టకుండానే పోతోంది.

బలం తక్కువైతే ఇంకాస్త ఎక్కువ తింటుంది కదా అంటారు. తింటుంది, కొంతవరకే. తవుడులో పీచు ఎక్కువ, పొట్ట త్వరగా నిండిపోతుంది. పైగా పొడి దాణా తినడానికి తొట్టి దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. గుళికలైతే నాలుగు ముక్కుపోట్లతో పని అయిపోతుంది, ఏరుకు తినడానికీ వీలుండదు. పెల్లెట్ లాభం ప్రధానంగా అదే. బలం లేని దాణాను గుళిక కట్టినా బలం లేని గుళికే.

తవుడు తీసేయండి (గేదెలకు పనికొస్తుంది). మొక్కజొన్న 64, సోయాచెక్క 30, నూనె 3, లవణాలు, విటమిన్ల మిశ్రమం ఇప్పుడున్న 3 కిలోలే. శక్తి 3,100కు చేరుతుంది, మాంసకృత్తులు 19 శాతం ఉంటాయి. మిల్లులో నూకలు చవగ్గా దొరికితే మొక్కజొన్నలో కొంత భాగానికి బదులు వేసుకోవచ్చు, శక్తిలో పెద్ద తేడా రాదు. మిశ్రమాన్ని ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, తర్వాత మిగతా దాణాలో కలపండి. నూనె చివర్లో, సన్నధారగా పోయాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. మొక్కజొన్నను మరీ మెత్తగా పట్టించొద్దు. పిండి ముక్కుకు అంటుకుని నీళ్లలో పడుతుంది. మన కోస్తా తేమకు నూనె కలిపిన దాణా త్వరగా కమురువాసన వేస్తుంది, వారానికి సరిపడానే కలుపుకోండి. పాత దాణా నుంచి మూడు రోజుల్లో మెల్లగా మార్చండి.

ప్రశ్న: పెల్లెట్ బస్తాలే కొంటున్నాం. తొట్టి అడుగున పొడి మిగిలిపోతోంది. పారేయాలా?
– సింగరాయకొండ

జవాబు: పారేయొద్దు, విటమిన్లు, లవణాలు అందులోనూ ఉంటాయి. బస్తాలోంచి కిలో తీసి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పొడి 200 గ్రాములు దాటితే పెల్లెట్ ధర పెట్టి మ్యాష్ మేపుతున్నట్టే, అమ్మినవారిని అడగండి. గుళిక కట్టే ముందే నూనె ఎక్కువ కలిపినా, బస్తాలు ఎత్తి పడేసినా గుళిక చిట్లుతుంది. రోజుకోసారి తొట్టి ఖాళీ చేయనిచ్చాకే కొత్త దాణా పోయండి. పొడిని నీళ్లతో తడిపి పెట్టొద్దు, బూజు పడుతుంది. ఎండాకాలంలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా తొట్లు పైకెత్తేయండి. కడుపునిండా పెల్లెట్ తిన్న కోడికే వడదెబ్బ ముందు తగులుతుంది.