సౌష్ఠవాలను పరీక్షించే ఫిజిక్స్: ఇంజినీరింగ్ మాని ఈ దారి పట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గాజువాకలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఎలక్ట్రాన్లను ప్రోటాన్లపైకి పంపి ప్రకృతిలోని మౌలిక సౌష్ఠవాలను పరీక్షించే ప్రయోగాల గురించి ఒక ఉపన్యాసం విన్నప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, ఫిజిక్సే చదువుతానంటోంది. ఇందులో ఉపాధి ఉంటుందా? విదేశాలకు వెళ్లక తప్పదా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయిని ఆకట్టుకున్నదేమిటో మీకు కొంత తెలిస్తే ఆమెతో మాట్లాడటం సులువవుతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. ఒక భౌతిక ప్రక్రియ జరిగితే, అద్దంలో కనిపించే దాని ప్రతిబింబం లాంటి ప్రక్రియ కూడా అంతే సహజంగా జరిగి తీరాలని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. దీన్నే పారిటీ సౌష్ఠవం అంటారు. కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమయ్యే బలహీన కేంద్రక బలం విషయంలో ఈ నమ్మకానికి రుజువు లేదని లీ, యాంగ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1956లో ఎత్తిచూపారు. కోబాల్ట్-60 కేంద్రకాలను పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచి చియెన్ షియుంగ్ వూ బృందం చేసిన ప్రయోగం, ఆ బలం ఈ సౌష్ఠవాన్ని పాటించదని 1957 ఆరంభంలోనే తేల్చింది. ఎలక్ట్రాన్లు ఇతర కణాలను తాకి చెదిరే పరిక్షేపణంలోనూ అసలుకూ ప్రతిబింబానికీ మధ్య ఈ భేదం కనిపిస్తుందని 1978లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ కేంద్రంలో రుజువైంది.

ఇప్పటి ప్రయోగాలు ఆ భేదాన్ని కనిపెట్టడంతో ఆగక, దాన్ని ఎంతో కచ్చితంగా కొలుస్తాయి. వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో జరిగిన క్యూ-వీక్ ప్రయోగంలో ఎలక్ట్రాన్ల స్పిన్‌ను (బొంగరం తిరుగుడును పోలిన వాటి సహజ గుణాన్ని) వాటి ప్రయాణ దిశకు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ సెకనుకు 960 సార్లు మారుస్తూ, ద్రవ హైడ్రోజన్‌లోని ప్రోటాన్లను తాకి చెదిరే ఎలక్ట్రాన్ల సంఖ్యను రెండు స్థితుల్లోనూ పోల్చి చూశారు. ఆ రెండు స్థితులూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటివి. 2018లో ప్రచురించిన తుది ఫలితం ప్రకారం వాటి మధ్య తేడా, అంటే అసమానత, వంద కోట్లలో సుమారు 226 వంతులు, అందులో దోషపరిమితి 9 వంతులు. యాదృచ్ఛిక దోషం అనేది లెక్కించిన ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం పెరిగే కొద్దీ తగ్గుతుంది. దోషాన్ని వంద కోట్లలో 10 వంతులకు తేవాలంటే 1 పక్కన 16 సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఎలక్ట్రాన్లు కావాలి. ఇంతా చేసి వచ్చిన ఫలితం మౌలిక కణాలనూ వాటి మధ్య బలాలనూ వివరించే, అప్పటికే ఉన్న ప్రామాణిక నమూనా (స్టాండర్డ్ మోడల్) అంచనాతో సరిపోయింది. ఏళ్ల శ్రమ తర్వాత "పాత సిద్ధాంతానికి ఇక్కడ ఢోకా లేదు" అనే సమాధానం వచ్చినా దాన్ని విజయంగా భావించగలిగిన వారే ఈ రంగంలో నిలుస్తారు. నా దృష్టిలో మార్కుల కంటే ముందు చూడవలసింది ఈ స్వభావాన్నే.

ఇంకో సంగతి ఉపన్యాసాల్లో అంతగా వినిపించదు. ఇలాంటి ప్రయోగంలో పనిచేసేవారి సమయంలో ఎక్కువ భాగం సమీకరణాలతో గడవదు. ఎలక్ట్రాన్ పుంజం వల్ల హైడ్రోజన్‌లో పుట్టే సుమారు 2 కిలోవాట్ల వేడిని తీసివేయడం, స్పిన్ మార్చినప్పుడు పుంజం వెంట్రుకవాసి కంటే ఎంతో తక్కువగా పక్కకు జరిగినా పసిగట్టడం, డిటెక్టర్ల ఎలక్ట్రానిక్స్‌ను సరిచూడటం, కొండంత డేటాను ప్రోగ్రాములు రాసి జల్లెడ పట్టడం వారి రోజువారీ పని. అందుచేత ఫిజిక్స్, ఇంజినీరింగ్ అని మీ ఇంట్లో జరుగుతున్న వాదనకు నిజానికి అంత పదును లేదు. ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్, గణాంకశాస్త్రం ఆమె ఎటు వెళ్లినా నేర్చుకోవలసినవే.

చదువు విషయానికి వస్తే, భువనేశ్వర్‌లోని జాతీయ విజ్ఞాన విద్యా సంస్థ నైసర్‌లో నెస్ట్ ప్రవేశ పరీక్ష ద్వారా, తిరుపతి, బెర్హంపూర్ సహా ఐసర్‌లనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థల్లో ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా, డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల సమీకృత కోర్సులో చేరవచ్చు. భువనేశ్వర్, బెర్హంపూర్ విశాఖ నుంచి నేరుగా రైల్లో వెళ్లగల ఊళ్లే. ఐఏటీలో జీవశాస్త్రం ప్రశ్నలు కూడా ఉంటాయన్న సంగతిని ఎంపీసీ విద్యార్థులు చివరిదాకా పట్టించుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే కొన్ని ఐఐటీల్లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉంది. ఇవేవీ కుదరకపోతే విశాఖలోనే డిగ్రీ చదివి, జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయవచ్చు, లేదా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఎమ్మెస్సీ చేయవచ్చు. సన్యాసి అయి ఉండి యూరప్‌లో భౌతికశాస్త్ర పరిశోధన చేసి వచ్చిన స్వామి జ్ఞానానంద కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పింది అక్కడే. 

విదేశాల గురించి సూటిగా చెబుతాను. ముంబయిలోనూ ఢిల్లీలోనూ పెల్లెట్రాన్లు, కోల్‌కతాలో సైక్లోట్రాన్ అనే కణ త్వరణ యంత్రాలు ఉన్నాయి. వాటిపై కేంద్రక చర్యలను, కేంద్రక నిర్మాణాన్ని అధ్యయనం చేస్తూ చక్కని పీహెచ్‌డీ చేయవచ్చు. అయితే స్పిన్ అదుపులో ఉన్న ఎలక్ట్రాన్ పుంజంతో పారిటీని కొలవాలంటే అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌కో, జర్మనీలోని మైంజ్‌కో కొంతకాలమైనా వెళ్లవలసిందే.

ఉపాధి విషయంలో మీకు తీపి మాటలు చెప్పను. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, ఆపై పీహెచ్‌డీకి ఐదారేళ్లు, తర్వాత కొన్నేళ్లు తాత్కాలిక పరిశోధన పదవులు ఉంటాయి. అంతా అయ్యాక కూడా శాశ్వత అధ్యాపక పదవికి హామీ లేదు. పీహెచ్‌డీ కాలంలో నెట్ పరీక్ష ద్వారా వచ్చే జేఆర్ఎఫ్ పరిశోధక వేతనం ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, తర్వాత 42 వేలు వస్తాయి కనుక ఆ దశలో మీపై భారం పడదు. మధ్యలో దారి మార్చుకునే వీలూ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పాఠశాలకు ఎంపికైతే శాస్త్రవేత్త ఉద్యోగం వస్తుంది. రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేయవచ్చు. మీకు దగ్గర్లోని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వంటి చోట్ల రేడియేషన్ మోతాదును లెక్కగట్టి సరిచూసేది వీరే. డేటా విశ్లేషణ నేర్చినవారికి ఐటీ కంపెనీల తలుపులూ మూసి ఉండవు.

మీ అమ్మాయి చేత ఒక చిన్న పని చేయించండి. ప్రాక్టికల్స్‌లో లఘులోలకం ఆవర్తన కాలాన్ని ఓసారి కొలిచి వదిలేయకుండా వంద సార్లు కొలిచి, రీడింగుల మధ్య తేడా ఎంత ఉందో, దోషాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు రీడింగులు ఎందుకు తీయాలో స్వయంగా లెక్కించమనండి. ఇరవైకే విసిగిపోతే తప్పేమీ లేదు, అప్పుడు ఇంజినీరింగ్ ఫిజిక్స్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ ఆమెకు ఎక్కువ సుఖం. రీడింగులు ఎందుకు అటూ ఇటూ పోతున్నాయని తనంతట తానే అడగడం మొదలుపెడితే మాత్రం ఫిజిక్స్ వద్దని మీరు పట్టుబట్టవద్దు. ఏది ఎలా ఉన్నా నెస్ట్, ఐఏటీ దరఖాస్తు గడువులు జేఈఈ హడావుడిలో జారిపోకుండా ఇప్పటి నుంచే ఆ ప్రకటనలను మీరే గమనిస్తూ ఉండండి.